నొక్కండి, వదిలేయండి

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ పొద్దున ఆయన తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం కమలాపండు. మిగతా సగం భార్య కోసం ఉంచాడు. ఆవిడకి నమలడం చేతకాక అప్పటికి నాలుగు రోజులు. ఒక్కో తొనా నలిపి ఆ రసాన్ని దూదితో పెదాలకి అద్దుతుంటే, నాలుక కొస బయటికి వచ్చి తడి చూసుకుంది. పులుపుకి కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పులుపు తెలుస్తోందంటే మనిషి ఇంకా ఇక్కడే ఉన్నట్టు. మధ్యాహ్నం మూడూ పదికి ఆవిడ వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర దాటాక కూడా ఆ తేదీ తలుచుకుంటే ఆయనకి ముందు ఆ కమలా తొనలు గుర్తొస్తాయి. వాటి వెనకే, పిలవని చుట్టంలా, తను చేసిన తప్పు గుర్తొస్తుంది. అది డాక్టరు పట్టుకునే తప్పు కాదు. మందు మరిచిపోలేదు, మాట తూలలేదు, పక్కనుంచి కదల్లేదు. ఆ తప్పేమిటో బయటివాళ్ళకి చెబితే ముందు అర్థం కాదు, అర్థమైతే నవ్వొస్తుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవుల మాస్టారు అంటారు. ఎక్కడా పాఠం చెప్పిన మాస్టారు కాదు. వినికిడి తగ్గినవాళ్ళకి పరీక్ష చేసి, ఏ చెవి ఎంత తగ్గిందో కాగితం మీద గీత గీసి చూపించి, చెవి మిషను అమర్చి పంపడం ఆయన పని. కింద దుకాణం, పైన రెండు గదుల కాపురం, మధ్యలో పదమూడు మెట్లు. మిషను చెవిలో కుదురుగా కూర్చోవాలంటే ముందు చెవి అచ్చు తీయాలి. ఆ అచ్చుల పని ఆవిడది. గులాబీ రంగు ముద్దని చెవిలోకి ఎక్కించి, అది గట్టిపడేదాకా మనిషిని దవడ కదపకుండా కబుర్లతో కూర్చోబెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

దుకాణం వెనక పరీక్ష గది ఉంది. గది అనడం మర్యాదకి. మనిషి పట్టే బీరువా అనుకోవచ్చు. లోపలివైపు సన్న రంధ్రాలున్న మందపాటి గోడలు, రబ్బరు అంచున్న బరువైన తలుపు, ఒకవైపు రెండు పొరల అద్దం, లోపల ఒక కుర్చీ. తలుపు పడిందంటే వీధీ బళ్ళూ పక్క దుకాణం రేడియో అన్నీ కత్తిరించినట్టు ఆగిపోతాయి. లోపల కూర్చున్నవాళ్ళ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక బటన్ ఇస్తారు. అద్దానికి ఇవతల మాస్టారు ఒక్కో శబ్దం వదులుతుంటే, వినబడినప్పుడల్లా వాళ్ళు బటన్ నొక్కాలి. ఇవతల చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. లోపలికి పంపే ముందు ఆయన అందరికీ ఒకటే మాట చెబుతాడు: "ఎంత సన్నగా వినబడినా సరే, వినబడగానే నొక్కండి. ఆగగానే వదిలేయండి." ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎన్ని వేలసార్లు చెప్పాడో ఆయనకే తెలియదు.

దుకాణానికి ఎవరూ రాని వేళల్లో ఆ గదిలో భార్యాభర్తలు వంతులవారీగా ధ్యానం చేసుకునేవాళ్ళు. ఇద్దరూ ధ్యానులే గాని ఇద్దరిదీ ఒక దారి కాదు. ఆయనది యోగం. కాలేజీ రోజుల్లో వ్యాయామశాలలో ఒక ముసలి గురువు నేర్పింది. ఊపిరిని నెమ్మది చేసి, కంటినీ చెవినీ ఒంటినీ ఒక్కొక్కటిగా లోపలికి పిలుచుకుని, మనసుని ఒక్కచోట నిలపాలి. నిలిచిన మనసు నీళ్ళలా తేటపడ్డాక అడుగున మిగిలేది 'చూసేవాడు'. కదిలేదంతా ప్రకృతి, కదలకుండా చూసేవాడు పురుషుడు. ఆ రెండింటి ముడి విడిపోయి, చూసేవాడు తనలో తాను నిలిచిపోవడమే కైవల్యం.

ఆవిడది బుద్ధుడి దారి. తల్లి పోయిన ఏడు ఆవిడా, ఆవిడ అక్కా కలిసి పది రోజుల మౌన శిబిరానికి వెళ్ళి తెచ్చుకున్నది. అందులో దేన్నీ లోపలికి పిలవరు, దేన్నీ బయటికి తోలరు. వచ్చినదాన్ని వచ్చిందనీ, ఉన్నదాన్ని ఉందనీ, పోయినదాన్ని పోయిందనీ ఎరుకతో గమనించడం, అంతే. అలా గమనించగా గమనించగా నిలిచేది ఏదీ లేదని తెలుస్తుంది. 'నేను' అనుకున్నదీ వచ్చిపోయేవాటిలో ఒకటేనని తెలుస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేదని తెలిశాక పిడికిలి దానంతటదే తెరుచుకుంటుంది. ఆ తెరుచుకోవడాన్నే నిర్వాణమంటారని ఆవిడ చెప్పేది.

ఆయన కూర్చుంటే గది తలుపు పూర్తిగా పడాలి. ఆవిడ కూర్చుంటే ఒక అంగుళం తెరిచి ఉండాలి. శబ్దాలే రాకపోతే ఇక దేన్ని గమనించను, ఖాళీ గిన్నెలో గరిటె తిప్పనా అనేది.

ఈ సంగతి మీద ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు వాదం నడిచింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడంలో ఇద్దరూ ఇద్దరే. పొందేవాడే లేడంటే ఇక ముక్తి ఎవరికని ఆయన అడిగేవాడు. కైవల్యమంటే ఒంటరిగా ఉండటమే కదా, అంత ముచ్చట ఉన్నవాళ్ళు పెళ్ళెందుకు చేసుకున్నారని ఆవిడ అడిగేది.

"మీ దారిలో ఏముంది? ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేయడమేగా," అన్నాడు ఒకసారి ఎగతాళిగా.

"అంతే. చెవుల మాస్టారై ఉండి మీకు ఇన్నాళ్ళకి తెలిసిందా?" అంది ఆవిడ, అచ్చు ముద్ద కలుపుతూనే.

జబ్బు ఖాయమని తేలిన వారంలో ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు వెళ్ళేవాళ్ళ చెవిలో, మిగిలేవాళ్ళు తమ దారి మాటలు చెప్పకూడదు. వెళ్ళేవాళ్ళ దారి మాటలే చెప్పాలి. ఒక పాత పరీక్ష కాగితం వెనక రాసుకున్నారు కూడా. ఆయన కోసం: "చూసేవాడివి నువ్వు. కనబడేదేదీ నువ్వు కాదు. నీలో నువ్వు నిలువు." ఆవిడ కోసం మూడే మాటలు: "వచ్చింది. ఉంది. పోయింది." ఇంత చిన్నవి మరిచిపోరు కదా అని ఆవిడ నవ్వింది. మరిచిపోతే నేను మనిషినే కాదన్నాడు ఆయన.

మరిచిపోలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ గురువారం రెండు గంటలకి ఆవిడ ఊపిరి తీరు మారింది. ఆవిడ అక్క, అంటే ఆయనకి వదిన, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన తలాపున కూర్చుని, ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, చెవి దగ్గరికి వంగాడు. మూడు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. "వచ్చింది" అన్నాడు. "ఉంది" అన్నాడు. మూడో మాట రాలేదు. 'పోయింది' అనే మాట ఆ చెవిలో తన నోటితో చెప్పడం ఆయన వల్ల కాలేదు. గొంతు దానంతటదే అలవాటైన బాట పట్టింది. చూసేదానివి నువ్వు. నిలువు. నీలో నువ్వు ఉండు. ఉండు. ఉండు. గంటకి పైగా, ఊపిరి ఊపిరికీ అదే. చివరికి వచ్చేసరికి అందులో యోగమూ లేదు, మార్గమూ లేదు. పెళ్ళాన్ని వెళ్ళొద్దని బతిమాలుకునే మొగుడి మాట ఒక్కటే మిగిలింది.

అన్న ప్రతిసారీ ఆవిడ బొటనవేలు ఆయన వేలి కణుపు మీద చిన్నగా నొక్కింది. అది కాదు, ఆ మాట కాదు అంటోందని ఆయన అనుకున్నాడు. అనుకుని కూడా ఆపలేకపోయాడు.

ఇంకొకరైతే, ఆ స్థితిలో ఏం వినబడి ఉంటుందిలే అని సరిపెట్టుకునేవారు. ఆయనకి ఆ వీలు కూడా లేదు. మనిషిలో ఆఖరున మూతపడేది చెవేనని, మాట్లాడుతూ ఉండండి, వింటూనే ఉంటారని, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళల్లో చెప్పి వచ్చేది తనే. తన చదువే తన మీద సాక్ష్యం చెప్పింది. వదిలేయడమే దారిగా బతికిన మనిషిని, తీరా వదిలేసే వేళకి, చెవి పట్టుకుని వెనక్కి లాగానన్నదే ఆయన బాధ. నోటిదాకా వచ్చిన అన్నం ముద్దని తట్టి కింద పడేసినట్టు.

ఆ తరవాత ఆయన ధ్యానానికి కూర్చోలేకపోయాడు. మూడుసార్లు ప్రయత్నించాడు. పరీక్ష గది తలుపు పడగానే, ఏ చప్పుడూ లేని ఆ చోట, ఆయన గొంతే ఆయనకి వినబడేది: ఉండు, ఉండు. లేచి వచ్చేసేవాడు. నలభై ఏళ్ళ అలవాటు అలా తెగిపోయింది. దుకాణం తీయడం, పరీక్షలు చేయడం, అచ్చులు తనే ఓ మోస్తరుగా తీసుకోవడం, పైకెళ్ళి ఏదో ఒకటి తినడం. పాలప్యాకెట్టు తెచ్చే ఆవిడ వెళ్తూ వెళ్తూ "అంతా బాగేనా మాస్టారూ" అని నిజంగా జవాబు కోసం ఆగేది. ఆ రోజుల్లో దొరికిన కాస్త చల్లదనం అదే.

వదిన మాత్రం మళ్ళీ రాలేదు. మొదట్లో రెండు వారాలకోసారి ఫోన్ చేసేది. రెండు మాటలయ్యాక సరే సరే అని పెట్టేసేది. తరవాత అదీ మానేసింది. ఆయనకి లెక్క సరిపోయింది: ఆ గురువారం మంచం దగ్గర తనతోపాటు ఉన్న మనిషి ఆవిడ ఒక్కతే. చెల్లెలి దారి తెలిసిన మనిషి, ఒప్పందం తెలిసిన మనిషి. అంతా విన్నది. నోటితో అనడానికి మనసొప్పక, ముఖం చూడ్డానికీ మనసొప్పక దూరమైంది.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం నాలుగింటికి దుకాణం తలుపు తోసుకుని వదిన వచ్చింది. చేతిలో రాత్రికి ఉండిపోవడానికి సర్దుకున్న బట్టల సంచి. ఆయన చేతిలో ఉన్న చెవి మిషను సన్న స్క్రూ జారి బల్ల కింద ఎక్కడికో పోయింది. ఇక అడిగేస్తుంది అనుకున్నాడు. ఏడాదిన్నరగా ఎదురుచూసిన ఘడియ.

వదిన కుర్చీలో కూలబడి, "తలుపు బద్దలుకొట్టారు, మరిదీ," అంది.

ఎవరని, ఎందుకని ఆయన కంగారుగా అడిగాడు. ఆవిడ చెప్పుకొచ్చింది. మొన్న ఆదివారం స్నానాల గదిలో గడియ వేసుకుని, కుళాయి బకెట్టులోకి ధారగా వదిలేసి తల దువ్వుకుంటోందట. కోడలు తలుపు కొట్టిందట, కొడుకు కొట్టాడట, పక్కింటాయన వచ్చి గునపం పెట్టాడట. తలుపు ఊడి లోపలికి పడేదాకా ఆవిడకి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా తెలియలేదు. దువ్వెన చేత్తో పట్టుకుని, ఏమైంది మీకందరికీ అని వాళ్ళనే అడిగింది. నవ్వుతూ మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి వదిన కళ్ళు తుడుచుకుంది. ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. ఎన్ని వందల గొంతులనో హలో అన్న ఒక్క మాటతో గుర్తుపట్టిన చెవులవి.

"చెవుడేం లేదనుకో," అంది మళ్ళీ బింకంగా. "జనం గొణుగుతున్నారు, అంతే."

"ప్రపంచమంతా ఒక్కసారే గొణగడం మొదలెట్టిందా, వదినగారూ?"

"ఏమన్నావ్?"

ఆయనకి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. దాన్ని వెంటనే మింగేశాడు.

పరీక్ష గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బటన్ చేతికిచ్చి, ఎప్పటి మాట చెప్పాడు. వదిన ఆ మాటకి వింతగా ఆయన వంక చూసి, తెలుసులే అన్నట్టు తలూపింది. తలుపు పడింది. అద్దానికి ఇవతల ఆయన శబ్దాలు వదలడం మొదలుపెట్టాడు. బొంగురు శబ్దాలకి ఎర్రదీపం బాగానే వెలిగింది. సన్న శబ్దాల దగ్గరికి వచ్చేసరికి దీపం ఆగిపోయింది. పెంచాడు. ఇంకా పెంచాడు. వదిన కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, ఎంతో శ్రద్ధగా ఏమీ వినకుండా కూర్చుంది. కాగితం మీద కుడి చెవి ఎర్రసున్నాలూ ఎడమ చెవి నీలం ఇంటూలూ కలిసి మెట్ల మీంచి జారినట్టు కిందికి దిగాయి.

గీత పూర్తిచేసి ఆయన దానివైపే చూస్తూ ఉండిపోయాడు. ఇది మొన్న వచ్చిన నష్టం కాదు. ఇలాంటిది ఏళ్ళ మీద వస్తుంది. ఏడాదిన్నర క్రితం కూడా ఇంచుమించు ఇంతే ఉండి ఉంటుంది. మంచానికీ కిటికీ దగ్గరి కుర్చీకీ మధ్య ఆరడుగులు. ఆయన చెప్పింది గుసగుసగా, భార్య చెవిలో. ఈ గీత ప్రకారం వదినకి ఒక్క ముక్క వినబడే ప్రశ్నే లేదు. ఫోన్ మానేసింది కోపంతో కాదు, వినబడక. రావడం మానేసింది ముఖం చూడలేక కాదు, చెవుల మాస్టారికి దొరికిపోతానని.

గుండెల మీంచి ఒక బండ దొర్లినట్టయింది. ఎవరూ వినలేదు. ఇక ఎవరికీ తెలియదు. మిషను అమర్చి, నాలుగు కబుర్లు చెప్పి పంపేస్తే అక్కడితో సరి.

కానీ బండ దొర్లిన చోట కింద ఇంకా ఏదో నొప్పి పెడుతూనే ఉంది. వదిన వినలేదన్నది నిజమే. వినాల్సిన మనిషి విన్నది కదా. ఇన్నాళ్ళూ వదిన కోపానికి భయపడుతున్నాననుకున్నాడు. ఆ భయం పోయాక తెలిసింది, అసలు భయం అది కాదని. చెల్లెలి సంగతి అడగడానికి ఈ లోకంలో మిగిలింది ఈ అక్క ఒక్కతే.

లోపలికి మాట్లాడే మైకు మీట నొక్కాడు. అద్దం అవతల ముఖం చూస్తూ చెప్పడం తేలికనిపించింది. ఒప్పందం సంగతి, మూడో మాట గొంతు దాటని సంగతి చెప్పాడు.

"చివరి గంటలో తన మాటలు తనకి చెప్పలేదు, వదినగారూ. నా మాటలు చెప్పాను. ఉండు అన్నాను. ఒక్కసారి కాదు."

అద్దం వెనక వదిన కళ్ళు తెరిచింది. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు," అంది. ఆవిడ మాట ఇవతలి స్పీకర్లో వినబడింది.

ఆయన గొంతు పెంచబోయాడు.

"వినబడక కాదు. ఎన్నాళ్ళకి నీ గొంతు మాట మాటా విన్నానో. అందుకు."

మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పటికి ఆ మాటలు మొదటిసారి ఉన్నంత బరువుగా లేకపోవడం ఆయన గమనించాడు.

ఎన్నిసార్లు అన్నావని వదిన అడిగింది. ఊపిరి ఊపిరికీ అన్నాడు ఆయన.

"అయితే అది అన్నిసార్లూ నొక్కింది."

ఆయన చెయ్యి మీట మీదే ఆగిపోయింది. నొక్కిన సంగతి ఆయన చెప్పలేదు.

"నాకేం వినబడి చచ్చింది గనక? వినబడనివాళ్ళకి కళ్ళే చెవులు," అంది వదిన. "నీ పెదాలు కదలడం చూశాను, నీ చేతిలో దాని వేలు కదలడం చూశాను. పెదాలు కదిలేవి, వేలు నొక్కేది, వదిలేది. మళ్ళీ కదిలేవి, నొక్కేది, వదిలేది. మరిది బాగా చెబుతున్నాడు, చెల్లెలు బాగా చేస్తోంది అనుకుని కూర్చున్నాను."

"వద్దని నొక్కిందేమో, వదినగారూ. ఆ మాట వద్దని."

వదిన చేతిలో ఉన్న బటన్ పైకెత్తి చూపించింది. "చెల్లెలు జబ్బుపడ్డ ఏడాది దీని స్ప్రింగు ఎన్నిసార్లు పోయింది?"

రెండుసార్లు పోయింది. ఆయనకి బాగా గుర్తుంది. అంతకుముందు పదేళ్ళు చెక్కుచెదరని బటన్.

"ఎవర్ని తిట్టావ్?"

"తయారుచేసినవాణ్ణి."

"పాపం. వాడికో నమస్కారం పెట్టుకో."

అప్పుడు చెప్పింది వదిన. ఆ ఏడాదంతా, మధ్యాహ్నం ఆయన పైకెళ్ళి భోంచేసి కునుకు తీసే వేళకి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ గదిలో దూరేవాళ్ళు. ఒకరు కుర్చీలో, ఒకరు గుమ్మంలో స్టూలు మీద. హెడ్‌ఫోన్లూ లేవు, ఆయన శబ్దాలూ లేవు. బటన్ మాత్రం చెల్లెలి చేతిలో ఉండేది. నొప్పి వస్తే ఒకసారి నొక్కేది, వదిలేది. వీధిలో హారన్ మోగితే నొక్కేది, వదిలేది. ఏడుపు వస్తే, కోపం వస్తే, ఆకలేస్తే అంతే. పేర్లు పెట్టి గమనించే ఓపిక కూడా పోయే రోజు వస్తుంది, అప్పటికి వేలు ఒక్కటి పనిచేస్తే చాలు అనేదట. మా ఆయన రోజూ చెప్పేదే, నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు అని నవ్వేదట.

"ఇంకోటి కూడా అంది," అని వదిన అద్దానికి దగ్గరగా జరిగింది. "అక్కా, ఆ రోజుకి ఆయన నా మాటలు చెప్పలేరే. మూడోది ఆయన నోట రాదు. తన మాటలే చెబుతారు, పాపం చెప్పనీ. ఏది చెప్పినా వినబడేదే కదా, నేను నొక్కుతాలే, అంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. వేలి కణుపు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అద్దం ఇవతల కూర్చుని వేలమంది బొటనవేళ్ళని చూసిన మనిషి తను. భయపడినవాళ్ళు బటన్‌ని గట్టిగా పట్టుకుని ఉండిపోతారు, దీపం ఆరదు. అభ్యంతరం చెప్పేవాళ్ళు టకటకా నొక్కుతారు. నిజంగా విన్నవాళ్ళు మాత్రమే నొక్కి, సరిగ్గా శబ్దం ఆగిన చోట వదిలేస్తారు. ఆ గురువారం ఆ వేలు ఒక్కసారి కూడా పట్టుకుని ఉండిపోలేదు. నొక్కింది, వదిలింది. పోనుపోను నొక్కుడు పలచబడింది, పరీక్షలో సన్న శబ్దాల దగ్గర పలచబడినట్టే. ఆఖరుసారి నొక్కాక కూడా వదిలింది. ఆ తరవాత ఆయన ఉండు అన్నాడు, వేలు కదల్లేదు. ఆయనకి మిగిలిన ఆఖరి జ్ఞాపకం నొక్కడం కాదు, వదలడం. తన పనిలో ఇంత తేలికైన గుర్తు ఇంకోటి లేదు. ఇన్నాళ్ళూ తన భార్య చేతిని మాత్రం మొగుడిగా చదివాడు, మాస్టారిగా చదవలేదు.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. వదిన అటు తిరిగి గోడ మీది రంధ్రాలు లెక్కపెడుతున్నట్టు నటించింది. అది ఆవిడ చేసిన ఉపకారం.

కాసేపటికి తనే తలుపు తోసుకుని బయటికొచ్చింది. ఆయన ముక్కు తుడుచుకుని, అంటే ఏ దారి మాటైనా ఒకటేనంటారా అని అడగబోయాడు.

"రెండూ ఒకటేనని మాత్రం అనకు. వింటే అది లేచొస్తుంది," అంది వదిన. ఆయన పెదాలు చూసే ప్రశ్న పట్టేసింది. "ఒకటి కాదు. నువ్వు దీపం వెలిగించుకుని తలుపు వేసుకుంటావు, మేం తలుపు తీసి ఎవరొచ్చారో చూస్తాం. అది వేరు, ఇది వేరు. అయినా నువ్వు ఒకటి చెప్పు. మీ దారే నిజమనుకో. చూసేవాడికి ఎవరి మాటైనా అంటుకుంటుందా?"

అంటుకోదని ఒప్పుకున్నాడు ఆయన.

"పోనీ మా దారి నిజమనుకో. నీ మాట వచ్చింది, ఉంది, పోయింది. ఎటు చూసినా నువ్వు చెడగొట్టడానికి అక్కడేముంది? ముప్పై ఏళ్ళ సాధనని ఒక్క మాటతో చెడగొట్టడానికి అంత మొనగాడివా నువ్వు?"

ఆ తిట్టు ఆయనకి తేనె పట్టు పిండినట్టుంది. మొనగాణ్ణి కానని చెప్పబోయి, మిషన్ల సొరుగు లాగి వెతకడం మొదలుపెట్టాడు.

నమూనా మిషను ఒకటి ఆవిడ కుడి చెవికి తగిలించి, గీత ప్రకారం సరిచేశాడు. సొంత అచ్చు తీసేది రేపు పొద్దున. మిషను పనిచేయడం మొదలయ్యాక వదిన ముందు ఉలిక్కిపడింది, తరవాత దుకాణమంతా తిరిగింది. కాగితం నలిపి విన్నది. సొరుగు లాగి, మూసి విన్నది. పైకెళ్ళాక తన చెప్పుల చప్పుడు విని వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూసింది. రాత్రి భోజనానికి ఆయన రొట్టె వేయించి గుడ్లు ఉడకబెట్టాడు. ఆయనకి ఆకలేసింది. ఎన్నాళ్ళ తరవాతో, వేళయింది గనక కాదు, ఆకలేసి తిన్నాడు. వదిన ఒక ముక్క కొరికి ఆగిపోయింది.

"రొట్టె ఇంత చప్పుడు చేస్తుందా?"

ఎప్పుడూ చేస్తుందన్నాడు ఆయన.

"మరి ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదేం?" అని ఇంకో ముక్క తీసుకుంది.

వదిన పక్క వేసుకుంటుంటే ఆయన కిందికి దిగాడు. బల్ల కింద పడిన స్క్రూ వెతికి డబ్బాలో వేశాడు. పరీక్ష గది దీపం ఆర్పబోయి, ఆర్పలేదు. లోపలికి వెళ్ళి, కుర్చీ మీది బటన్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గరికి లాక్కుని, పూర్తిగా పడకముందే ఆపాడు. ఒక అంగుళం.

తన దారి తనదే. ఊపిరి నెమ్మది చేశాడు, చూపుని లోపలికి పిలుచుకున్నాడు, మనసుని తెచ్చి ఎప్పటి చోట నిలిపాడు. 'ఉండు' అని ఆ గొంతు రానే వచ్చింది. బటన్ ఆయన ఒళ్ళోనే ఉంది. నొక్కాడు. వదిలాడు. ఆ గొంతు ఇంకోసారి వచ్చింది, ఈసారి కొంచెం దూరం నుంచి. ఆ తరవాత ఎక్కడో కుళాయి కారడం, పైన మంచం కిర్రుమనడం, మెట్ల మీద చెప్పులు. పదమూడు మెట్లు. చెప్పులు పరీక్ష గది ముందు ఆగాయి. ఆ అంగుళం సందులోంచి చూస్తున్న మనిషి ఊపిరి వినబడింది. ఆయన కళ్ళు తెరవలేదు.

వదిన పిలవలేదు. చెప్పులు విడిచేసి, వట్టి కాళ్ళతో దుకాణం ముందుకి నడిచింది. ఆయన వేయడం మరిచిపోయిన వీధి తలుపుని రెండు చేతులా పట్టుకుని, కొత్తగా వచ్చిన చెవికి కూడా చప్పుడు తెలియనంత మెల్లిగా దగ్గరికి వేసి, గడియ పెట్టింది.